రాణీగారి హాజరు

పొద్దున్న పదింటికి కోటిలంక పిల్లకాలువల శాఖ కార్యాలయం ముందు నిలబడితే చాలు, టికెట్టు కొనకుండా నాటకం చూసినట్టే ఉండేది. వరండా గోడకు బిగించిన హాజరు మిషను ముందు సిబ్బంది వరస కట్టేవారు. మొదట కోరమీసాల మహారాజు, ఆయన వెనక కోరల రాక్షసుడు, ఆ వెనక బారెడు గడ్డంతో ముని, తర్వాత ఇద్దరు చెలికత్తెలు. అందరికంటే చివర రాణీగారు. మెడ పైన పట్టపురాణి. మెడ కింద గళ్ల చొక్కా, నలిగిన ప్యాంటు, చేతిలో టిఫిన్ క్యారేజీ. మిషను చూసేది ముఖాన్నే కాబట్టి కింద ఏం తొడుక్కున్నా శాఖకు అభ్యంతరం లేదు.

ఆ రాణీగారి అసలు పేరు పినిశెట్టి భీమశంకరం. హోదా జూనియర్ అసిస్టెంటు. పేరు విని ఏ వస్తాదో అనుకునేరు, మనిషి కొబ్బరీనెలా ఉంటాడు. ఆ సన్నదనమే అతని కొంప ముంచింది.

జరిగిందేమిటంటే, శాఖ పుట్టి యాభై ఏళ్లయిందని కోటిలంకలో పెద్ద ఉత్సవం తలపెట్టారు. సూపరింటెండెంటు దువ్వూరి కామేశ్వరమూర్తి గారికి పద్యాల పిచ్చి. ఆయన స్వయంగా 'పూడికాసుర వధ' అని ఒక నాటకం రాసి పడేశారు. కాలువల్లో పూడికలా పేరుకుపోయిన రాక్షసుడు రాణి తరంగిణీదేవిని చెరపడితే, కుల్యవర్మ మహారాజు వాణ్ణి పారతో సంహరించడం అందులో కథ. మహారాజు వేషం ఆఫీసరు విశ్వంభరరావు గారికి కాక ఇంకెవరికి ఇస్తారు? పద్యాలన్నీ రాక్షసుడికే ఉండటం వల్ల ఆ వేషం రచయితగారు తన దగ్గరే ఉంచుకున్నారు. అటెండరు గంగరాజు ముని అయ్యాడు. ఆఫీసులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లూ కామేశ్వరమూర్తి గారి చెరలో పడి ఏడవడానికి ససేమిరా అన్నారు. కావాలంటే చెలికత్తెలుగా వింజామర వీస్తామన్నారు. దాంతో అందరి చూపూ భీమశంకరం మీద పడింది. అతనింకా ప్రొబేషన్‌లో ఉన్నవాడు, కాదనడానికి నోరెక్కడిది?

మేకప్‌కి ఊళ్లోనే పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే హైమావతిని పిలిపించారు. ఆ అమ్మాయి చెయ్యి పడితే తుమ్మమొద్దు కూడా పీటల మీద కూర్చోవచ్చని పేరు. రాక్షసుడికి కోరలు, మునికి గడ్డం, భీమశంకరానికి దొండపండు పెదవులు, విల్లులాంటి కనుబొమ్మలు తీర్చింది. చెర సీను వచ్చేసరికి రాణి నిజంగా ఏడుస్తున్నట్టుండాలని అతని కళ్ల కింద గ్లిజరిన్ కూడా రాసింది.

సరిగ్గా అప్పుడే దిగాడు మిషను బిగించేవాడు. ముఖం చూసి హాజరు వేసే మిషన్లను అన్ని కార్యాలయాల్లోనూ ఆ సాయంత్రంలోగా పెట్టించి, సిబ్బంది ముఖాలు నమోదు చేయాలని హెడ్డాఫీసు ఉత్తర్వు. గడువు దాటితే ఆఫీసరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"సార్, అందరూ రంగుల్లో ఉన్నారు కదా. కడుక్కొచ్చేక తీద్దామాండి?" అన్నాడు వాడు పాపం, బుద్ధిగానే.

విశ్వంభరరావు గారు కిరీటం సర్దుకుంటూ ఉత్తర్వును రెండుసార్లు చదివారు. "ఇందులో 'సిబ్బంది ముఖములు' అని ఉన్నదే గాని 'కడిగిన ముఖములు' అని ఎక్కడా లేదు. ముఖం ముఖమే కదా! కానివ్వవయ్యా," అన్నారు.

కానిచ్చాడు. తెర లేచింది, రాక్షసుడు చచ్చాడు, జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు.

మర్నాడు అందరూ మామూలు ముఖాలతో వచ్చి మిషను ముందు నిలబడితే ఎర్రలైటు వెలిగింది. లోపల్నుంచి తియ్యటి గొంతు "మీరెవరు?" అని అడిగింది. పాతికేళ్ల సర్వీసున్న కామేశ్వరమూర్తి గారిని ఆ ఆఫీసులో ఎవరూ ఎన్నడూ అలా అడిగి ఎరగరు. ఆయన మిషనుకి తన పేరు, హోదా, గోత్రం కూడా చెప్పుకున్నారు. మిషను మళ్లీ "మీరెవరు?" అంది.

హెడ్డాఫీసుకు రాస్తే వారం తిరక్కుండా జవాబొచ్చింది. "విషయము: ముఖములు, మార్పు, గురించి. తెలియజేయడమేమనగా, ఒకసారి నమోదు కాబడిన ముఖము మూడు సంవత్సరముల వరకు చెల్లుబాటులో ఉండును. సిబ్బంది ముఖము మిషనుతో సరిపోలని పక్షమున సరిచేసుకొనవలసినది ముఖమే గాని మిషను కాదు."

విశ్వంభరరావు గారు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశారు. "స్పష్టంగా ఉంది. సరిచేసుకుందాం," అన్నారు.

అలా హైమావతి 'ముఖ సమన్వయకర్త' అనే కొత్త హోదాలో ఆ ఆఫీసులో అడుగుపెట్టింది. రికార్డు గదిలో పాత దస్త్రాలు ఒక పక్కకి నెట్టి, కిటికీ దగ్గర కుర్చీ, అద్దం వేయించారు. రాణి మేకప్పే అన్నిటికంటే పెద్ద పని కనుక భీమశంకరం అందరికంటే ముందు రావాలి, ఆ తర్వాత మిగతావాళ్లు.

మొదటి రోజు అతను ఉరికంబం ఎక్కేవాడిలా వచ్చి కూర్చున్నాడు.

"గెడ్డం ఎప్పుడు గీసుకున్నారండీ?" అంది హైమావతి, చుబుకం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుతూ.

"ఇప్పుడేనండి. గీసుకున్న వెంటనే పరిగెత్తుకొచ్చాను."

"అదేనండి వద్దనేది. గీసిన మొహం మీద వెంటనే ఫౌండేషన్ పడితే మండిపోద్ది. లేవగానే గీసేసుకుని, చన్నీళ్లతో కడుక్కుని, మొహాన్ని కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యండి. మరి మొహానికి ఏం రాస్తారు?"

"కొబ్బరినూనండి."

"నూనె రాసిన మొహం మీద రంగు నిలబడమంటే ఎలా నిలబడుద్దండీ బాబూ? అది తీసేటప్పుడు రాసుకోవాలి, వేసేటప్పుడు కాదు. సాయంత్రం ఇంటికెళ్లేక నూనె అద్ది, మెత్తటి గుడ్డతో మెల్లిగా తీసెయ్యండి. ఆ తరవాతే సబ్బు. సబ్బెట్టి బరబరా గీకేరనుకోండి, ఈ మూడేళ్లూ అయ్యేసరికి మీకు మొహమంటూ మిగల్దు."

భీమశంకరం బతుకంతా ఆ మొహం మీదే ఆధారపడి ఉంది. ప్రొబేషన్ మాఘమాసంలో ముగుస్తుంది. ఈలోగా ఒక్కరోజు మిషను కాదన్నా, రెండేళ్లూ మళ్లీ మొదట్నుంచీ లెక్క. ఆ మాట అతను చెప్తే హైమావతి కాటుక పుల్ల ఆపి, "అయితే నేనుండగా మిమ్మల్ని గైర్హాజరు కానివ్వనండి," అంది.

ఆమె మాటల్లో ఏదీ వృథా పోనివ్వలేదు ఆఫీసు. పక్క గదిలోంచి వింటూ కామేశ్వరమూర్తి గారు అన్నీ రాసుకునేవారు. ఆయనకి ఫౌండేషన్ ఎంచుతూ ఆమె, "చేతి మీద రాసి చూడకండి సార్. చెయ్యికీ మొహానికీ ఏం చుట్టరికం? దవడ మీద కాస్త రాసుకుని గుమ్మంలోకెళ్లి ఎండలో చూసుకోవాలి. ఎక్కడ రాసేమో కనపడకపోతే అదీ మన రంగు," అంది. మర్నాటికి నోటీసు బోర్డు మీద సర్క్యులరు వెలిసింది. "సిబ్బంది తమ తమ దవడలను కార్యాలయ ప్రాంగణమందలి సూర్యరశ్మిలో పై అధికారి సమక్షమున తనిఖీ చేయించుకొనవలెను." చెమట పడితే రుద్దకండి, అద్దండి అని ఆమె అంటే, "ముఖమును రుద్దుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును," అని ఇంకోటి. ఒకరి కాటుక ఒకరు పెట్టుకుంటే కళ్లకలక వస్తుందని చెప్పిన పాపానికి కాటుక డబ్బాలకు సీళ్లు వేయించి, తాళంచెవి ఆఫీసరుగారి బీరువాలో పెట్టించారు.

అసలు చిక్కు సాయంత్రంది. ఐదింటికి వెళ్లేటప్పుడు కూడా మిషనుకి ముఖం చూపించాలి. పొద్దున్న వేసిన రంగు అప్పటిదాకా చెక్కుచెదరకూడదు. కాబట్టి టీ నిషేధించారు. పకపకా నవ్వడం నిషేధించారు. కాలువ గట్ల మీదికి తనిఖీకి వెళ్తే చెమట పడుతుంది కనుక తనిఖీలు ఏకంగా ఎత్తేశారు. పిల్లకాలువల శాఖ వాళ్లు కాలువ మొహం చూడటం మానేశారు.

రైతులు మొదట్లో జడుసుకున్నారు గాని, తర్వాత అలవాటు పడిపోయారు. దిగుమర్రు సూర్రావు అర్జీ పట్టుకొచ్చి, "రాచ్చసుడు గారు సీట్లో ఉన్నారాండీ?" అని అడిగి మరీ లోపలికి వచ్చేవాడు.

"ఏమిటయ్యా సమస్య?" అన్నారు కామేశ్వరమూర్తి గారు, కోర జారకుండా పెదవులు కూడదీసుకుని.

"ఏవుందండి, మా కాలవలో తవరు బాగా పేరుకుపోయేరండి. చుక్క నీరు దిగట్లేదు. మారాజు గారు పారట్టుకుని తవర్ని ఎప్పుడు సంపుతారో కనుక్కుందారని వచ్చేనండి."

"ప్రస్తుతము శాఖ దృష్టి హాజరుపై కేంద్రీకరించబడియున్నది," అన్నారు రాక్షసుడు గారు గంభీరంగా.

ఆ మాట నిజమే. హాజరులో కోటిలంకను మించిన కార్యాలయం ఆ శాఖ మొత్తంలో లేదు. అంత రంగు పూసుకుని ఇంట్లో కూర్చుని చేసేదేముంది? మేకప్ వేసుకున్న పాపానికైనా అందరూ ఆఫీసులోనే ఉండేవారు. హెడ్డాఫీసు మురిసిపోయి 'ఆదర్శ కార్యాలయం' బిరుదు ప్రకటించింది. అధ్యయన బృందం ఒకటి వచ్చి, గంగరాజు గడ్డం అంటించే జిగురు వాసన చూసి, దవడల తనిఖీని ఫొటోలు తీసుకుని, "ఈ విధానం అనుసరణీయం," అని రాసి వెళ్లిపోయింది. కాలువల సంగతి వాళ్లూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

ఈ గొడవలన్నిటి మధ్యా భీమశంకరం సంగతి వేరేగా సాగుతోంది.

రోజూ పొద్దున్నే, ఇంకా ఎవరూ రాని రికార్డు గదిలో, కిటికీ వెలుతురులో ఆమె ఎదురుగా కూర్చోవడం. కనుబొమ్మ గీసేటప్పుడు హైమావతి నాలుక కొస పంటి కింద నొక్కి పట్టేది. అతను పుట్టి బుద్ధెరిగాక తన మొహాన్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి మరొకరు లేరు. కన్నతల్లి కూడా అన్నం తిన్నావా అని వంటింట్లోంచే అడిగేది. "కళ్ల కింద నలుపొచ్చింది, నిద్ర పోవట్లేదాండీ?" అని ఆమె అడిగిన రోజున అతనికి నిజంగానే నిద్ర పట్టలేదు. ఇప్పుడు తన అసలు మొహం చూస్తున్నది ఆ ఆఫీసులో ఆమె ఒక్కతేనన్న సంగతి తలచుకుంటే అతనికి గుండె నిండిపోయేది. ఎంత ఆలస్యంగా లేచినా ఆమె దగ్గరికి మాత్రం పరుగున వచ్చేవాడు.

కార్తీకంలో ధైర్యం చేశాడు. పెదవులకు రంగు వేసేటప్పుడు మాట్లాడకూడదు కనుక, అది ఆరేదాకా ఆగి, "మీకు ఇష్టమైతే మీ నాన్నగారితో మాట్లాడమంటానండి, మా అమ్మని," అన్నాడు.

హైమావతి బ్రష్షు కడిగి, గుడ్డతో తుడిచి, "నాకిష్టమేనండి. మా నాన్న సంగతే చెప్పలేను. లాంచీల రేవులో ముప్పై ఏళ్లు టికెట్లిచ్చి రిటైరైన మనిషి. పర్మినెంటు కానిదేదీ ఆయనకి ఆనదు. ఆ మిషను కాదన్నవాడికి పిల్లనెలా ఇస్తానంటారు," అంది.

చూశారా చిత్రం! ఇప్పుడు ఉద్యోగమే కాదు, పెళ్లి కూడా ఆ గోడ మీది మిషను చేతిలోకి పోయింది.

అక్కణ్నుంచే మిషను పేచీ మొదలుపెట్టింది. అంతకుముందు రాణీగారు ఎదురుగా నిలబడగానే పచ్చలైటు వెలిగించి "నమస్కారం" అనేది. ఇప్పుడు పసుప్పచ్చగా మిణుకుమిణుకుమంటూ ఆలోచించేది. రోజులు గడిచేకొద్దీ ఆ ఆలోచన ఎక్కువైంది. హైమావతి బెంగపడిపోయింది. కనుబొమ్మలు చెరిపి మళ్లీ గీసేది, బుగ్గల రంగు తగ్గించేది, స్పాంజి మార్చేది. "నా చేతిలోనే ఏదో తేడా వస్తోందండి. నావల్ల మీ ఉద్యోగం పోతే ఆ పాపం నాదే," అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను ఆమెను ఓదారుస్తూ నవ్వాడు. ఆ రోజు మిషను మరీ ఎక్కువసేపు తటపటాయించింది.

మాఘం వచ్చింది. ప్రొబేషన్ ఆఖరి రోజు పొద్దున్న హైమావతి మేకప్ వేస్తూ, వేస్తూ, ఇక దాచుకోలేక, "మా నాన్న సరేనన్నారండి. ఈ రోజు గట్టెక్కితే ముహూర్తం పెట్టించమన్నారు," అని చెప్పేసింది.

ఇంకేముంది, భీమశంకరం మిషను ముందుకు నడవలేదు, తేలుకుంటూ వెళ్లాడు. మిషను చూసింది. ఎర్రలైటు.

"మీరెవరు?"

కళ్లు తుడుచుకుని మళ్లీ నిలబడ్డాడు. "మీరెవరు?" మూడోసారి కూడా అదే మాట. మూడుసార్లు కుదరకపోతే నమోదైన ముఖాన్నీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పక్కపక్కన చూపిస్తుంది ఆ మిషను. అందరూ మెడలు చాచి చూశారు. ఒక పక్క తరంగిణీదేవి పెదవులు కిందికి వంచి, కళ్లనిండా నీళ్లతో, రాక్షసుడి చెరలో కుమిలిపోతోంది. రెండో పక్క అదే తరంగిణీదేవి ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి ఇకిలిస్తోంది.

"ఏడవాలండి!" అని అరిచాడు గంగరాజు, గడ్డం ఎగిరేలా. "గ్లిజరినండి! ఆ రోజు మీరు ఏడుస్తా ఉండగా తీసేడండి!"

"తక్షణము ఏడువుము," అని ఆజ్ఞాపించారు విశ్వంభరరావు గారు. "పదిన్నర దాటిన యెడల గైర్హాజరే."

హైమావతి లోపలికి పరిగెత్తి గ్లిజరిన్ తెచ్చి రాసింది. నీళ్లు వచ్చాయి గాని నవ్వు పోలేదు. ఆనందబాష్పాలతో మెరిసిపోతున్న రాణిని చూసి మిషను "మీరెవరు?" అంది. కామేశ్వరమూర్తి గారు రంగంలోకి దిగి చెర సీను పద్యం రాగం తీసి పాడారు. చెలికత్తెలిద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు, భీమశంకరం పొట్ట పట్టుకున్నాడు. ఆఫీసరుగారు మళ్లీ రెండేళ్ల ప్రొబేషన్ అని బెదిరించారు. అతను బలవంతంగా మూతి ముడిచాడు. ముడుచుకున్న మూతి పక్కనుంచి నవ్వు తన్నుకొచ్చింది. పాపం, అతని తప్పేముంది? మనసు తనంతట తాను నవ్వుతుంటే మొహానికి ఎవరు చెప్పగలరు?

గడియారం పదిన్నర దగ్గరకు పాకుతోంది. హైమావతి అతని ముందుకు వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"భీమశంకరం గారూ, పొద్దున్న నేను చెప్పింది అబద్ధమండి. మీరు భయం లేకుండా ఉంటారని అలా చెప్పేను. మా నాన్న ఒప్పుకోలేదు. రేవులో లాంచీ ఓనరు గారబ్బాయికి ఖాయం చేసేసేరు. తాంబూలాలు కూడా అయిపోయేయండి."

భీమశంకరం ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. అతని పెదవులు మెల్లగా కిందికి వంగాయి. గడ్డం వణికింది. గ్లిజరిన్ అక్కర్లేని నీళ్లు కాటుకను దాటి బుగ్గ మీదికి జారాయి. హైమావతి అతని భుజాలు పట్టుకుని మిషను వైపు తిప్పింది.

పచ్చలైటు. "నమస్కారం, భీమశంకరం గారూ."

"అదేం కాదండి!" అంది హైమావతి వెంటనే, తనూ ఏడుస్తూ, నవ్వుతూ. "ఇప్పుడు చెప్పిందే అబద్ధం. పొద్దున్న చెప్పిందే నిజం. లాంచీ ఓనరు గారికి అసలు కొడుకులే లేరండి!"

అతను నమ్మలేక రెండు చేతులతోనూ కళ్లు తుడుచుకోబోయాడు.

"రుద్దకండి, అద్దండి!" అని అరిచారు మహారాజూ, రాక్షసుడూ, మునీ ఒక్కసారిగా.

"మరి సాయంత్రం ఐదింటికో?" అన్నాడు అతను వెక్కుతూ.

"ఈలోగా ఇంకో అబద్ధం ఆలోచిస్తాను లెండి," అంది ఆమె, స్పాంజితో అతని బుగ్గలు అద్దుతూ.

ఆలోచించింది కూడా. ఆ వారంలోనే పర్మినెంటు ఆర్డరు వచ్చింది, మాఘ బహుళంలో ముహూర్తం కుదిరింది. ఆదర్శ కార్యాలయం కనుక కోటిలంకకు ప్రత్యేక బహుమానంగా ముఖాలను తిరిగి నమోదు చేసుకునే అనుమతి కూడా వచ్చింది. ఒకే ఒక్క రోజు, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల. ఆ రోజే పెళ్లి.

ఆఫీసంతా కల్యాణ మండపంలోనే ఉంది కనుక మిషనువాణ్ణి అక్కడికే రప్పించారు. విశ్వంభరరావు గారు, కామేశ్వరమూర్తి గారు, గంగరాజు, చెలికత్తెలూ పెరట్లో కుళాయి దగ్గర శుభ్రంగా కడుక్కుని ఒక్కొక్కరే వచ్చి నమోదయ్యారు. పీటల మీదున్న వరుడి ముందుకొచ్చి వాడు ఆగిపోయాడు. నుదుట బాసికం, కల్యాణ తిలకం, బుగ్గన చుక్క, నెత్తి మీద అక్షింతలు, చెవుల దాకా సాగిన నవ్వు.

"సార్, ఈయన్ని లేచేక తీద్దామాండి?" అన్నాడు.

విశ్వంభరరావు గారు గడియారం చూశారు. "ముఖం ముఖమే కదా! కానివ్వవయ్యా."

సోమవారం నాడు కోటిలంక రైతులు కాలువ గట్టు మీద కామేశ్వరమూర్తి గారి కడిగిన మొహం ఇన్ని నెలల్లో మొదటిసారి చూశారు. "మీరెవరండీ?" అన్నాడు సూర్రావు.

ఆ సమయానికి రికార్డు గది కిటికీ దగ్గర, పాత కుర్చీలోనే, భీమశంకరం కూర్చుని ఉన్నాడు. హైమావతి అతని నుదుటికి బాసికం కట్టి, బుగ్గన చుక్క పెట్టి, నాలుక కొస పంటి కింద పట్టి తిలకం సరిచేసింది. తర్వాత కాస్త వెనక్కి జరిగి మొహమంతా పరీక్షగా చూసింది.

"అన్నీ కుదిరేయండి. ఇంక మీరు నవ్వడమే మిగిలింది," అంది. "ఒక్క మాట చెప్తాను, గుర్తెట్టుకోండి. ఇకమీదట మనకి పొద్దున్నపూట దెబ్బలాటలు కుదరవు. ఏదున్నా సాయంత్రం ఐదు దాటేకే."